పాత మేడకు కొత్త పని

గద్వాల కోట వాకిలి దాటి లోపలికి పోయే బాట ఒక్కటే అయినా, ఆ బాటన నడిచినవారి పనులు కాలాన్ని బట్టి మారుతూ వచ్చినవి. సంస్థానం నడిచిన రోజులలో ఆ దారి వెంట సిపాయిలు, గుమాస్తాలు, అర్జీలు పట్టుకొన్న రైతులు నడిచారు. 1949లో హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్లు రద్దయిన తరువాత రాచకొలువు ముగిసింది. చెన్నకేశవస్వామి ఆలయంలో పూజలు సాగుతూనే ఉన్నవి. కొలువు సాగిన ఆవరణలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరుతో ప్రభుత్వ కళాశాల నెలకొన్నది. ఈటెలు నిలబెట్టిన గోడల పక్కన విద్యార్థులు సైకిళ్ళు నిలబెట్టారు.

వనపర్తిలోనూ ఇటువంటిదే జరిగింది. 1959లో అక్కడ పాలిటెక్నిక్ ఏర్పడినప్పుడు దానికోసం కొత్త భవనం కట్టేవరకు ఎవరూ ఆగలేదు. వనపర్తి రాజావారి ప్రాసాదమే తరగతి గదులుగా, పనిశాలలుగా మారినది. ఇంజనీరింగు నేర్వవచ్చిన కుర్రవానికి మొదటి పాఠ్యపుస్తకం అతని తలపైనున్న కప్పే అయినది!

ఇటీవల ఈ ప్రశ్న మరొక రూపంలో వచ్చింది. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ జిల్లా కేంద్రాలైనవి. కొత్త జిల్లాల కార్యాలయాలు మొదట అందుబాటులో ఉన్న కట్టడాలలోనే సర్దుకొన్నవి. తరువాత వనపర్తిలో 2022లో, నాగర్‌కర్నూలులోను గద్వాలలోను 2023లో, సమీకృత కార్యాలయ భవనాలు ప్రారంభమైనవి. కార్యాలయం కొత్త ఇంటికి వెళ్ళినప్పుడు పాత ఇల్లు ఏమి కావాలి? తాళం వేసి ఉంచితే చెదలు, వాన, రావిమొక్క దానిని పంచుకొంటాయి. కూల్చితే రాళ్ళు, దూలాలు చెత్తకుప్ప అవుతాయి. మూడవ దారి పునర్వినియోగం, అనగా పాత కట్టడానికి కొత్త పని అప్పగించటం.

ఈ మూడవ దారి వినడానికి ఎంతో ఇంపుగా ఉంటుంది. కాని ప్రతి పాత మేడా ప్రతి పనికీ తగదు. "ఇక్కడ గ్రంథాలయం పెడదాము", "ఇక్కడ బాలికల వసతిగృహం నడుపుదాము" అని ఎవరైనా ప్రతిపాదిస్తే, దానిని పరిశీలించేవారు ఏ ప్రశ్నలు వేయాలి? వాటిని ఏ వరుసలో వేయాలి? ఇందులో అభిరుచికి కొంత చోటున్నా, పెద్ద భాగం భౌతిక, రసాయన శాస్త్రాలకు, లెక్కలకు చెందినదే.

మొదటి ప్రశ్న: వీధి ఒప్పుకొంటుందా?

పరిశీలన ఇంటి లోపల మొదలవుతుందని చాలామంది అనుకొంటారు. నిజానికి అది వీధిలో మొదలవుతుంది. పట్టణానికి బృహత్ ప్రణాళిక తయారుచేసేటప్పుడు భూమిని మండలాలుగా విభజిస్తారు. కొన్ని చోట్లు నివాసాలకు, కొన్ని వ్యాపారానికి, కొన్ని పరిశ్రమలకు, మరికొన్ని పాఠశాలలు, ఆసుపత్రుల వంటి ప్రజోపయోగ సంస్థలకు కేటాయింపబడతాయి. న్యూయార్కు నగరం మొత్తానికీ వర్తించే ఇట్టి నిబంధనలు 1916లో వచ్చినవి. మన వైపు 1908 నాటి మూసీ వరద తరువాత, 1912లో హైదరాబాదులో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడి, ఇరుకు పేటలను తిరిగి దిద్దే పని చేపట్టింది.

పాతబడి శిథిలమైన పేటలను మళ్ళీ నిలబెట్టటానికి ప్రత్యేకంగా గుర్తించిన భాగాన్ని పునరభివృద్ధి మండలం అంటారు. అక్కడ ఒక ఇంటి ఉపయోగం మార్చదలచినవాడు, "ఈ ఇల్లు నాది" అని చెప్పినంత మాత్రాన చాలదు. ఆ మార్పు మండలం ఉద్దేశానికి తోడ్పడుతుందా, ఇరుగుపొరుగులపై కొత్త భారం వేస్తుందా అన్నది తేలాలి.

ఈ భారాన్ని లెక్కవేయవచ్చు. ఇంట్లో ఉండే మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు, పగటి పాఠశాల విద్యార్థికి 45 లీటర్లు కావాలని మన దేశంలో ప్రమాణంగా తీసుకొంటారు. పదిమంది కాపురమున్న మేడకు రోజుకు 1,350 లీటర్లు చాలును. అదే మేడలో 300 మంది చదివే పాఠశాల పెడితే 13,500 లీటర్లు కావలసి వస్తుంది. ఒక్కొక్కరి వాడకం మూడవ వంతుకు తగ్గినా మొత్తం పది రెట్లు పెరిగింది! లోపలికి వచ్చిన నీటిలో చాలా భాగం మురుగై బయటికి పోవాలి. పాత మురుగుకాలువ పదిమందికి తగినట్లు కట్టినది. అందువలన ప్రతిపాదనలో మొదట చూడవలసినది గోడమీద లతల చెక్కడం కాదు. కాలువ వెడల్పు, నీటిగొట్టం వ్యాసం, బడి విడిచేవేళ వీధిలో నిలిచే ఆటోల సంఖ్య.

కట్టడం చారిత్రకమైనదైతే చట్టం కూడా తోడువస్తుంది. తెలంగాణలో వారసత్వ సంపద రక్షణకు 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడాల విషయంలో, 2010లో సవరించిన చట్టం ప్రకారం, చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరి 200 మీటర్ల వరకు అనుమతి అవసరం. గద్వాల జిల్లాలోని ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలు ఇట్టి రక్షణ పొందినవే.

రెండవ ప్రశ్న: నేల మోస్తుందా?

వీధి ఒప్పుకొన్న తరువాత ఇంట్లో అడుగుపెట్టాలి. ఏ కట్టడమైనా రెండు రకాల బరువులు మోస్తుంది. గోడలు, దూలాలు, కప్పు తమంత తాముగా వేసే బరువు స్థిరభారం. మనుషులు, బల్లలు, పుస్తకాలు, బీరువాలు వేసే బరువు చరభారం. పని మారినప్పుడు మారేది ఈ రెండవది.

భారత ప్రమాణాల సంస్థ నియమావళిలో నివాసపు గదికి చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల చరభారం లెక్కిస్తారు. తరగతి గదికి 3. కదలని కుర్చీలు లేని సభామందిరానికి 5. పుస్తకాల బీరువాలు నిలిపే గదికి కనీసం 6. ఒక కిలోన్యూటను అంటే ఇంచుమించు 100 కిలోగ్రాముల బరువు అనుకోవచ్చును.

ఇప్పుడు 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మేడగదిని తీసుకొందాము. దాని వైశాల్యం 30 చదరపు మీటర్లు. పడకగదిగా ఉన్నప్పుడు దానిపై 60 కిలోన్యూటన్లు, అనగా సుమారు 6 టన్నులు పడవచ్చు. తరగతి గది అయితే 9 టన్నులు. వివాహాలు జరిపే మందిరమైతే 15 టన్నులు. గ్రంథాలయపు బీరువాల గది అయితే 18 టన్నులు. నోరెత్తని పుస్తకాలు, బాజాభజంత్రీలతో వచ్చిన పెండ్లివారికంటె ఎక్కువ బరువు వేస్తాయి! పాత కాగితాల కట్టలు నింపిన కార్యాలయపు గది కూడా ఇట్టిదే.

పాత మేడలలో పై అంతస్తును సామాన్యంగా టేకు దూలాలు మోస్తాయి. దూలంపై సమంగా పరచిన బరువు రెట్టింపైతే దాని వంపు కూడా రెట్టింపవుతుంది. ఇక దూలం పొడవు సంగతి మరింత గమనించదగినది. మీటరుకు పడే బరువు మారకుండా, ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే, దూలాన్ని విరచటానికి ప్రయత్నించే భ్రామకం 4 రెట్లవుతుంది. వంపు 16 రెట్లవుతుంది. రెండు చిన్న గదులను కలిపి పెద్ద హాలు చేద్దామని మధ్యగోడ తీసివేసేవారు ఈ 16 అనే సంఖ్యను మరువరాదు. అది అడ్డుగోడ అని వారు అనుకొంటారు. కాని దూలానికి అది ఊతకర్ర.

దూలం నడుమ గట్టిగా ఉన్నదని సంతోషించి ఊరుకోరాదు. గోడలో దాగిన దాని చివరలకే తేమ, చెద ముందుగా సోకుతాయి. సుత్తితో మెల్లగా తట్టితే మంచి కర్ర ఖంగుమంటుంది. తినివేసిన కర్ర డొల్లగా పలుకుతుంది. రాతిలోను, ఇటుకలోను లోపలి పగుళ్ళను తెలుసుకొనటానికి అతిధ్వని తరంగాలను పంపే పరికరాలున్నవి. తరంగం గట్టి పదార్థంలో వేగంగాను, పగులున్న చోట ఆలస్యంగాను పోతుంది. వైద్యుని వలె ఇంజనీరు కూడా గాయం చేయకుండానే లోపలి రోగం కనుగొనగలడు.

మూడవ ప్రశ్న: గోడ తడిసిందా?

పాత గోడలలో రాళ్ళను కలిపి ఉంచినది డంగు సున్నం. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చితే బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోయి పొడిసున్నం మిగులుతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాల్చితే 56 కిలోలే మిగులుతుంది. నీరు పోస్తే అది బుసబుసమని ఉడికి తడిసున్నమవుతుంది. గోడలో చేరిన తరువాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా తిరిగి పీల్చుకొని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. కొలిమిలో పోగొట్టుకొన్న దానిని గోడలో ఏండ్ల తరబడి సంపాదించుకొంటుందన్నమాట.

ఈ సున్నంలో సన్నని రంధ్రాలు అనేకం. పునాదినుండి ఎక్కిన చెమ్మ వాటిగుండా బయటికి వచ్చి ఆరిపోతుంది. ఇట్టి గోడకు "బలం కోసం" దట్టమైన సిమెంటు పూత వేస్తే ఏమవుతుంది? చెమ్మ ఎక్కటం ఆగదు; ఆరే దారి మాత్రం మూసుకుపోతుంది. నీటితో వచ్చిన లవణాలు పూత వెనుక స్ఫటికాలుగా పేరుకొని రాతిని, ఇటుకను పొరలుపొరలుగా ఊడదీస్తాయి. రెండు మూడేండ్లకు పూత ఉబ్బి పడిపోతుంది. మరింత మందంగా పూయాలని మేస్త్రి అంటాడు. వ్యాధిని పెంచే మందును మోతాదు పెంచి ఇవ్వటమంటే ఇదే. సున్నపు గోడకు సున్నపు పూతే తగినది.

మట్టిగోడ సంగతి ఇంకా సున్నితమైనది. పొడిగా ఉన్నప్పుడు అది అంతస్తునైనా మోస్తుంది. నీరు నిండితే రేణువుల మధ్య పట్టు సడలి ఒక్కసారిగా జారిపోతుంది. 2021 అక్టోబరులో గద్వాల జిల్లా ఐజ మండలం కొత్తపల్లిలో, వానలకు నానిన ఇంటి గోడ రాత్రివేళ కూలి, నిద్రిస్తున్న ఒకే కుటుంబంలో ఐదుగురు మరణించారు. వారిలో పసిబిడ్డలున్నారు. పాత గోడను పరిశీలించటం వేడుకకోసం చేసే పని కాదని ఈ సంఘటన చెప్పుతున్నది. ఎండాకాలంలో చూసిన గోడను వానాకాలంలో కూడా చూడాలి.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో నల్లరేగడి నేలలు కలవు. అవి తడిసి ఉబ్బుతాయి, ఎండి కుదించుకొంటాయి. వాటిపై నిలిచిన గోడ ఆ కదలికకు పగులుతుంది. పగులు కనబడగానే భయపడనవసరం లేదు. అది పాతదా, ఇంకా పెరుగుతున్నదా అన్నదే ముఖ్యం. దీనికొక సులువైన ఉపాయమున్నది. పగులుకు అడ్డంగా పలుచని గాజుపలకను రెండు చివరల గోడకు అతికించి, దానిపై తేదీ వ్రాస్తారు. గోడ కదిలితే గాజు చిట్లుతుంది. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటినా గాజు చెక్కుచెదరకుంటే గోడ కుదుటపడినట్లు భావించవచ్చు.

నాలుగవ ప్రశ్న: ప్రాణాలు దక్కుతాయా?

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాలకు నిప్పంటుకొని 94 మంది పిల్లలు మరణించారు. వంటింటిలో పుట్టిన మంట పూరికప్పుకు ప్రాకింది. ఇరుకైన దారిగుండా పిల్లలు బయటపడలేకపోయారు. తరగతులు నడవటానికి ఆ కట్టడం చాలింది, పారిపోవటానికి చాలలేదు.

రాజుల మేడలు కొద్దిమంది కోసం కట్టినవి. అంతఃపురపు మెట్లు కావాలనే ఇరుకుగా, మలుపులుగా ఉంటాయి. విద్యాలయంలో మెట్ల వెడల్పు కనీసం 1.5 మీటర్లుండాలని జాతీయ భవన నియమావళి చెప్పుతున్నది. పై అంతస్తులో వందమందిని కూర్చుండబెట్టదలచినప్పుడు రెండు వేరువేరు దారులుండాలి. ఒకటి పొగతో నిండినా రెండవది మిగలాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం చక్రాల కుర్చీలో వచ్చేవారికి కూడ ప్రవేశం కల్పించాలి. వాలుబాటకు చోటులేని పై అంతస్తులో ప్రజలందరూ రావలసిన కార్యాలయం పెట్టటం న్యాయం కాదు.

ఏ వేళకు ఏ పని?

పాత కట్టడానికి ఒక సహజగుణమున్నది. మందమైన రాతిగోడ వేడిని నెమ్మదిగా పీల్చి నెమ్మదిగా విడుస్తుంది. మధ్యాహ్నపు ఎండ గోడ లోపలి ముఖానికి చేరేసరికి సాయంకాలమో, రాత్రో అవుతుంది. అందువలన పగలు పనిచేసే బడికి, గ్రంథాలయానికి ఇట్టి గదులు చల్లగా అనుకూలిస్తాయి. రాత్రి నిదురించే వసతిగృహానికి అంతగా అనుకూలించవు. ఆ వేళకే గోడలు తాము దాచుకొన్న వేడిని గదిలోకి వదులుతాయి. రాత్రి గాలి ధారాళంగా ఆడే కిటికీలుంటేనే ఆ పని సాగుతుంది. ఒకే గోడ ఒక పనికి మిత్రుడు, మరొక పనికి శత్రువు!

ఇప్పుడు పై ప్రశ్నలన్నిటినీ ఒక ఊహా ఉదాహరణకు అన్వయించి చూద్దాము. జిల్లా కేంద్రంలో రెండంతస్తుల పాత కార్యాలయం ఖాళీ అయినది. సున్నపు గోడలు, టేకు దూలాలు, ఒకే ఒక ఇరుకు మెట్లదారి. మూడు ప్రతిపాదనలు వచ్చినవి. మొదటిది పెండ్లి మందిరం. వీధి ఇరుకు, భారం చదరపు మీటరుకు 5 కిలోన్యూటన్లు, హాలు కోసం నడిమి గోడ తీయాలి. ఇది తగదు. రెండవది వసతిగృహం. ఒకే మెట్లదారి, రాత్రి వేడి, నీటి అవసరం ఎక్కువ. మార్పులు చేయనిదే ఒప్పుకోరాదు. మూడవది గ్రంథాలయం. బీరువాలను పై అంతస్తులో పెడితే 6 కిలోన్యూటన్ల భారం పడుతుంది. కాని క్రింది నేలపై పెడితే ఆ బరువు నేరుగా భూమికే పోతుంది. పై గదులలో కొద్దిమంది చదువుకొనే బల్లలు వేయవచ్చు. రెండవ మెట్లదారి కట్టాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారికి అవసరమైనవన్నీ క్రింది అంతస్తులోనే అందాలి. ఈ షరతులతో దీనిని అంగీకరించవచ్చు.

గమనించండి: గ్రంథాలయం పుణ్యకార్యమనే కారణంతో అది నెగ్గలేదు. బరువును సరియైన చోట ఉంచగలిగినందున నెగ్గింది. పరిశీలకుని తీర్పు "ఔను", "కాదు" అనే రెండు మాటలతో ముగియదు. "ఈ షరతులతో ఔను", "ఈ పనికి కాదు, మరొక పనికి ఔను" అన్నవే తరచు సరియైన తీర్పులు.

కూల్చకముందు

ఇంత శ్రమ ఎందుకు, కూల్చి కొత్తది కట్టరాదా అని అడగవచ్చు. నిలబడి ఉన్న గోడలో ఇటుక కాల్చిన కట్టెలు, సున్నం కాల్చిన బొగ్గు, రాయి మోసిన ఎడ్ల శ్రమ అన్నీ ఖర్చయిపోయి ఉన్నవి. కూల్చితే ఆ శక్తి తిరిగి రాదు. పైగా కొత్త సిమెంటుకు మళ్ళీ సున్నపురాయిని కాల్చాలి. ప్రతిసారి బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది.

1914లో మన దేశానికి వచ్చిన స్కాట్లండు జీవశాస్త్రవేత్త పాట్రిక్ గెడ్డిస్ ఈ సంగతిని పట్టణాలకు అన్వయించాడు. ఇరుకు పేటను మొత్తంగా పడగొట్టి వెడల్పు వీధి వేయటానికి బదులు, అత్యవసరమైన చోట మాత్రమే కోసి, మిగిలినదాన్ని నిలుపుకోవాలన్నాడు. ఆ పద్ధతికి ఆయన శస్త్రచికిత్స అనే పేరే పెట్టాడు. మంచి వైద్యుడు చెడిన పన్ను తీస్తాడు, దవడ తీయడు.

హైదరాబాదులో ఇర్రం మంజిల్‌ను పడగొట్టి శాసనసభా భవనం కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. కాని కూల్చకుండా ఆపటం సగం పని మాత్రమే. కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీ భవనం చాలాకాలం మహిళా కళాశాలగా ఉపయోగపడి, కాలక్రమాన శిథిలమై, మళ్ళీ పెద్దయెత్తున మరమ్మతు చేయవలసి వచ్చింది. కనుక ప్రతిపాదనలో ఆఖరి పుటలో ఒక పద్దు తప్పక ఉండాలి: ఏటేట పైకప్పు నీటిదారులు శుభ్రం చేయటానికి, సున్నం వేయటానికి, మొక్కలు పీకటానికి అయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు? ఈ పద్దు లేని ప్రతిపాదన ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు విద్యార్థులకు ఈ విషయంలో ప్రయోగశాల దూరాన లేదు. ఉపాధ్యాయులు తమ ఊరి పాత కట్టడం ఒకదాన్ని ఎంచుకొని, అనుమతి పొంది, కప్పు గట్టిగా ఉన్న భాగంలోనే పిల్లలచేత కొలతలు తీయించవచ్చు. గది పొడవు, వెడల్పు కొలిచి పడకగదికి, తరగతికి, గ్రంథాలయానికి ఎన్ని టన్నులు పడునో లెక్కించనీయండి. మేస్త్రి వాడే తూకపుగుండు దారం గోడపక్కన వేలాడదీసి, గోడ ఎంత ఒరిగినదో చూడనీయండి. మెట్ల వెడల్పు కొలిచి 1.5 మీటర్లతో పోల్చనీయండి. చివరికి ప్రతి విద్యార్థి ఆ కట్టడానికి ఒక పనిని ప్రతిపాదించి, తన తోటి విద్యార్థి ప్రతిపాదనను పరిశీలించాలి.

ఆ పని చేసిన పిల్లవానికి ఒక సంగతి తెలిసివస్తుంది. మనకు కావలసిన పనికోసం పాత కట్టడాన్ని వంచబోతే అది విరుగుతుంది. దానికి తగిన పనిని మనమే వెదికి ఇస్తే, మరొక వందేండ్లు మనలను తన నీడన కూర్చుండబెట్టుకొంటుంది.